నడుము కట్టిన మూట

సూరతు అను పేరు వినగానే తెలుగు ఇల్లాలికి మొట్టమొదట స్ఫురించునది చీర యంచున మెఱయు జరీ. గద్వాలలోను ధర్మవరములోను మగ్గము ముందు కూర్చున్న నేతగాడు జరీకండె విప్పినప్పుడెల్ల ఆ తాపీతీర నగరమును తలచుకొనక తప్పదు. కాని తెలుగువారికిని సూరతునకును గల బాంధవ్యము జరీపోగుతో ముగిసిపోలేదు. కరీంనగరము, ఓరుగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రదుకుతెరువునకై తరలివచ్చిన పద్మశాలీ కుటుంబములు లింబాయతు మొదలగు పేటలలో స్థిరపడి, మరమగ్గముల హోరు నడుమ తెలుగు మాటను, బతుకమ్మ పాటను కాపాడుకొనుచు తరములు గడపినవి. వరంగల్లు మీదుగా పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు వారికి రైలుబండి మాత్రమే కాదు. పుట్టినూరికిని పొట్టపోసిన యూరికిని నడుమ అటునిటు ఆడు నాడె.

అట్టి యొక యింట నేను అతిథినై యున్న దినమున, ఆ యింటి మనుమడు, ఇరువదినాలుగేండ్ల యువకుడు, నిలువెత్తు వీపుసంచి నొకదానిని తెచ్చి నట్టింట నిలిపెను. నేడు చిన్న పెద్ద లందఱును బ్యాక్‌ప్యాక్ అని పిలుచుకొను ఆ సంచి డెబ్బదియైదు లీటర్ల పరిమాణము గలది. దాని రంగు చూడముచ్చటగా నుండెను. పట్టీలు, జేబులు, కొక్కెములు లెక్కకు మిక్కిలిగా నుండెను. ఆ పిల్లవాడు ఏకాకియై నర్మదా పరిక్రమకు పోదలచినాడట. సిరిసిల్లలోను, ఆ పిమ్మట సూరతులోను ఒక జీవితకాలము సాంచాల మీద, అనగా మరమగ్గముల మీద, పనిచేసి విశ్రమించిన తాత, సంచిబట్టను బొటనవ్రేలితో చూపుడువ్రేలితో నలిపి చూచి, "బట్ట మంచిగనే ఉన్నది బిడ్డా. మరి నీ వీపును కొలిచిండ్రా?" అని యడిగెను.

"వీపును కొలుచుడేంది తాతా? నా ఎత్తు అడిగిండ్రు, చెప్పిన, ఇచ్చిండ్రు."

"అంగీ కుట్టేటోడు సుత కొలత తీస్కుంటడు. మోసేదానికి కొలత వద్దా?"

పిల్లవాడు నవ్వి యూరకుండెను. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దీర్ఘయాత్రకు సంచిని కొనువారిలో పదింట తొమ్మండుగురు రంగును, వెలను, లీటర్లను విచారింతురే కాని, ఆ సంచి ఏ వెన్నుపై నెలల తరబడి నివసింపనున్నదో ఆ వెన్నును విచారింపరు. పాదరక్షల నైదు నిమిషములు తొడిగి చూడక కొననివారు సయితము వీపుసంచిని అద్దములోనుండి చూచి కొనివత్తురు.

ఆ యువకుడు తలపెట్టిన యాత్ర సామాన్యమైనది కాదు. అమరకంటకమున పుట్టి 1,312 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, సూరతునకు ఉత్తరముగా సుమారు డెబ్బది కిలోమీటర్ల దూరమునగల భరూచిని దాటి సముద్రమున కలియు నర్మదను, ఎల్లవేళల తన కుడిచేతివైపున నుంచుకొని, ఒక గట్టు వెంట దిగి రెండవ గట్టు వెంట ఎక్కి, బయలుదేరిన చోటికే మరల చేరుట పరిక్రమ. నడుమ ఎచ్చటను నదిని దాటరాదు. సాగరసంగమము కడ మాత్రము దక్షిణతటమందలి విమలేశ్వరమునుండి ఉత్తరతటమందలి మీఠీతలాయికి పడవపై పోవుదురు. రెండు గట్లును కలిపి 2,600 కిలోమీటర్లకు మించిన నడక. మూడు సంవత్సరముల మూడు మాసముల పదుమూడు దినములలో ముగింపవలెనని సంప్రదాయము. నేటి యాత్రికులలో పలువురు కొన్ని మాసములలోనే ముగించుచున్నారు. దారిలోని గ్రామములవారును ఆశ్రమములవారును సదావ్రతమను పేర బియ్యము, పప్పు, పిండి ఇచ్చి యాత్రికుల నాదరింతురు గనుక తిండిభారము కొంత తగ్గును. కాని పడక, మార్చుకొను బట్టలు, నీరు, మందులు, వాననుండి రక్షణ, ఇవన్నియు తన వీపుననే యుండవలెను. జట్టుగా పోవువారిలో ఒకడు గిన్నెను మోయును, ఒకడు మందులపెట్టెను మోయును. అలసినవాని మూటను తోడివా డందుకొనును. ఒంటరి యాత్రికునకు ఆ వెసులుబాటు లేదు. అతని సంచి కుదురుగా లేనిచో ఆ తప్పిదమునకు ప్రతిదినమును ప్రతి అడుగునను తానొక్కడే మూల్యము చెల్లింపవలెను.

మన పూర్వుల యాత్రలు వేఱు విధముగా నుండెను. 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మఱుచటి సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీకి తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పల్లకిలో పోయిరి. వారి వెంట పరివారము సుమారు నూఱుమంది యుండిరి. గుడారములు, వంటపాత్రలు, పెట్టెలు, సర్వమును బోయీలును కావడివాండ్రును మోసిరి. మోయించుకొనువాని వీపునకు కొలత అక్కఱలేదు. కావడి మోయు బోయీ మాత్రము, తన బద్ద ఎంత వంగవలెనో, ఏ చివర నెంత బరువుండవలెనో చక్కగా నెఱుగును. బరువు మోయు విద్య చదువుకొననివాని భుజమున చిరకాలముగా వర్ధిల్లిన విద్య.

సూరతు నేలపై నడచిన యాత్రలలో మఱియొకటి ఈ సందర్భమున స్మరింపదగినది. 1930వ సంవత్సరము మార్చి 12వ తేదీన సబర్మతినుండి డెబ్బదియెనిమిదిమంది అనుచరులతో బయలుదేరిన గాంధీమహాత్ముడు సుమారు 385 కిలోమీటర్లు నడచి, ఏప్రిల్ 1వ తేదీన సూరతు చేరి, 5వ తేదీన నాటి సూరతు జిల్లాలోని దండి గ్రామమున అడుగుపెట్టెను. ఆ సత్యాగ్రహులలో ఆంధ్రుడు ఎర్నేని సుబ్రహ్మణ్యముగారు. ఒక్కొక్కరి భుజమున ఒక సంచి. అందులో పడక, ఒక జత మారుబట్టలు, నూలు వడకు తకిలి, దినచర్య వ్రాసికొను పుస్తకము, నీరు త్రాగు పాత్ర. సామ్రాజ్యమును ధిక్కరింప బోవువారి సామానింతే! ఇరువదినాలుగు దినముల యాత్రకు అవి చాలినప్పుడు, మనము నట్టింట పోగుచేసికొను వస్తువులలో ఎన్ని నిజముగా అవసరమో ప్రశ్నించుకొనుట మంచిది. ఏలయనగా సంచిని సరిగా ఎన్నుకొనుటకు మొదటిమెట్టు, అందులో నేమి పెట్టకుండవలెనో నిర్ణయించుకొనుట. ముందు పెద్ద సంచిని కొని పిదప వస్తువులను వెదకువాడు ఖాళీ చోటు కనబడినంతవఱకు నింపుచునే పోవును.

ఇక దేహము బరువును మోయు తీరును గమనింతము. సూరతు రింగురోడ్డులోని బట్టల బజారులలో తెల్లవాఱినది మొదలు రాత్రివఱకు పెద్దపెద్ద పార్సెళ్లను మోయు హమాలీలను చూడుడు. మూటను వీపున కెత్తుకొనగానే వారు ముందునకు వంగి, ఆ బరువు తుంటిమీదుగా కాళ్లలోనికి దిగునట్లు నిలుతురు. భుజములు మూటను పట్టి యుంచునే కాని మోయవు. మానవదేహమున తుంటియెముకలును తొడకండరములును బరువు మోయుటకు నిర్మితములైనవి; భుజములు చేతుల నాడించుటకు నిర్మితములైనవి. భుజములమీదుగా, చంకలోనుండి చేతులకు పోవు నరముల జాలము గంటల తరబడి పట్టీలక్రింద నలిగినచో చేతులు తిమ్మిరెక్కి, ఒక్కొక్కప్పుడు పట్టు సయితము తప్పును. సైనికులలో ఇట్టి వ్యాధి వైద్యులకు చిరపరిచితమై, రక్‌శాక్ పాల్సీ యని దానికొక పేరే ఏర్పడినది. నేనును యౌవనమున నొక కొండయాత్రలో నడుముపట్టీని అలంకారమని భావించి వ్రేలాడవేసికొని నడచి, మూడవనాటి సాయంకాలము చొక్కా గుండీ పెట్టుకొనుటకు వ్రేళ్లు లొంగక అవస్థపడితిని.

ఈ రహస్యమును సంచి చేయువారు కనిపెట్టుటకు చాలకాలము పట్టినది. అమెరికాలో డిక్ కెల్టీ యనునతడు భార్యతో కలిసి 1952లో అల్యూమినియపు చట్రమునకు సంచిని బిగించి అమ్మనారంభించెను. కొండదారిలో చట్రపు కొసలను లాగు వెనుకజేబులలో దోపుకొనగా భుజములు తేలికపడుట గమనించి, దానినుండియే నడుముపట్టీ యాలోచన పుట్టినదని చెప్పుదురు. 1967లో గ్రెగ్ లోవ్ చట్రమును సంచిలోపలికి చేర్చెను. నేడు మనము కొను పెద్ద సంచులలో అధికభాగము ఆ వంశమునకు చెందినవే. బాగుగా అమరిన సంచిలో బరువులో ఐదింట నాలుగు వంతులు, అనగా నూటికి ఎనుబది పాళ్లు, తుంటిమీద నిలుచును. తక్కినది మాత్రమే భుజములకు చేరును. మన భాషలో నొక కార్యమునకు పూనుకొనుటను "నడుము కట్టుట" యనుట వట్టి అలంకారము కాదనుకొందును. బరువెత్తబోవు మనుష్యుడు ముందుగా తుండుగుడ్డను నడుమునకు బిగించుట మనమెఱిగినదే గదా.

ఇప్పుడు తాత యడిగిన కొలత. వీపుసంచికి ప్రమాణము మనిషి యెత్తు కాదు, వెన్ను పొడవు. ఆఱడుగుల మనిషికి కాళ్లు పొడవై వెన్ను పొట్టిగా నుండవచ్చును. ఐదడుగుల నాలుగంగుళముల మనిషికి వెన్ను అంతకంటె పొడవుగా నుండవచ్చును. కొలుచుట సులభము: తల ముందుకు వంచినచో మెడయు భుజములును కలియు చోట ఒక యెముక బొడిపెవలె పైకి తేలును, అది మొదటి గుఱుతు. రెండు చేతులను నడుమున నుంచి క్రిందికి జార్చినచో తుంటియెముకల పైయంచు చేతికి తగులును. బొటనవ్రేళ్లు వెనుకకుండునట్లు ఆ యంచులను పట్టుకొనినచో, రెండు బొటనవ్రేళ్లను కలుపు అడ్డగీత వెన్నును తాకు చోటు రెండవ గుఱుతు. ఈ రెంటి నడుమ దూరమును దర్జీ టేపుతో వెన్ను వంపు ననుసరించి రెండవవారిచేత కొలిపింపవలెను. పెద్దవారికి సాధారణముగా అది 40 మొదలు 53 సెంటీమీటర్లలో నుండును. కొలతల పేర్లు ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క తీరుగా నుండును గనుక, "మీడియం" అను మాటను నమ్మక సెంటీమీటర్లను అడుగవలెను. వీపుపలకను పైకి క్రిందికి జరుపుకొను వీలుగల సంచులును కలవు. స్త్రీలకై చేయు సంచులలో వీపు కొలత పొట్టిగాను, భుజపట్టీలు ఱొమ్మునకు ఒరయకుండ వంపుగాను, నడుముపట్టీ తుంటి యేటవాలును అనుసరించియు నుండును. అవి రంగులో కాదు, ఆకారములో వేఱు. దేహమునకు అమరినచో పొట్టివెన్ను గల పురుషుడు సయితము వానిని వాడవచ్చును.

కొలత కుదిరిన సంచిని తొడుగుకొనుటకును ఒక క్రమము కలదు. దానిని తలక్రిందులు చేసినచో మంచి సంచియు చెడ్డదగును. మొదట పట్టీల నన్నిటిని వదులు చేయవలెను. సంచిని ఎత్తుకొని నడుముపట్టీని, దాని మెత్త తుంటియెముక యంచునకు పైసగము క్రిందిసగము వచ్చునట్లు నిలిపి, ముందుగా దానినే బిగింపవలెను. తరువాత భుజపట్టీలను, భుజమును అంటియుండునంతవఱకు మాత్రము లాగవలెను. పిమ్మట భుజపట్టీ పైభాగమునుండి సంచి శిరస్సునకు పోవు సన్నని పట్టీలను, అవి లంబకోణములో సగము వాలుగా నుండునట్లు, కొంచెము బిగించినచో సంచి వెనుకకు లాగక వీపునకు చేరువగును. కడపట ఱొమ్ముపట్టీని, ఊపిరికి అడ్డము రాకుండ, కంఠాస్థికి ఒకటి రెండంగుళముల దిగువ తగిలింపవలెను. ఇన్ని చేసినను భుజమునకును పట్టీకిని నడుమ సందు కనబడినచో సంచి పొడవు ఎక్కువ. నడుముపట్టీ పొట్టమీదికి ఎక్కి భుజములు నొక్కుకొనిపోయినచో పొడవు తక్కువ. నడుముపట్టీని పూర్తిగా బిగించినను ఇంకను బిగింపవలసినట్లుండినచో అది మీకు పెద్దది. దీర్ఘయాత్రలో నడుము సన్నగిల్లును గాని లావెక్కదు.

పరిమాణమును గూర్చి ఒక మాట. విమానములో చేతిసామానుగా పలు దేశీయ సంస్థలు అంగీకరించు 55, 35, 25 సెంటీమీటర్ల కొలతలను గుణించినచో 48 లీటర్లు వచ్చును. బరువు మాత్రము తఱచు 7 కిలోలకే పరిమితము. బసలు దొరకు దారిలో ఒంటరి యాత్రికునకు 40 మొదలు 50 లీటర్లు యథేష్టము. గుడారమును వంటపొయ్యిని తానే మోయువానికి 60 కావచ్చును. బరువునకు తఱచు చెప్పు హద్దు, నిండిన సంచి మోయువాని శరీరభారములో ఐదవవంతును మించరాదని. బడిపిల్లలకు 2020 నాటి కేంద్రవిధానము నిర్ణయించిన హద్దు పదవవంతు. ఖాళీ సంచియే మూడు కిలోలు తూగినచో, అఱువది కిలోల మనిషికి లభించు పండ్రెండు కిలోలలో నాలుగవవంతు సంచియే మ్రింగివేసినదన్నమాట.

బట్ట విషయమున సూరతువానికి ఎవరును పాఠము చెప్పనక్కఱలేదు. సంచి చీటీపై వ్రాసియుండు "డి" యను అక్షరము లింబాయతులో పసిపిల్లవాడు కూడ ఎఱిగిన డెనియరే: తొమ్మిదివేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. చీరకు వాడు పాలియెస్టరు పోగు సాధారణముగా నూఱు డెనియర్లకు లోపుననే యుండగా, తేలిక సంచులకు 100, 210 డెనియర్ల నైలానును, మోటువాడుకకు, ముఖ్యముగా నేలనానుకొను అడుగుభాగమునకు, 420 మొదలు 1,000 డెనియర్ల బట్టను వాడుదురు. ఒకే డెనియరులో నైలాను ఒరపిడికి ఎక్కువ ఓర్చును. పాలియెస్టరు ఎండకు ఎక్కువ ఓర్చును. పడుగులోను పేకలోను నిర్ణీతమైన యెడములలో లావుపాటి పోగును చొప్పించి చిన్నచిన్న గళ్లుగా నేసిన బట్ట, ఒకచోట చిరిగినను ఆ గడి దాటి చిరుగు ప్రాకనీయదు. అయినను సంచి ప్రాణము బట్టలో కంటె కుట్టులో నుండును. భుజపట్టీ సంచిని అంటు చోట్ల దట్టమైన అడ్డకుట్లున్నవా లేవా యని లోపలివైపు త్రిప్పి చూడవలెను. లోపల పూసిన పాలియురెథేన్ పూత తేమగాలిలో మూసిపెట్టిన సంచులలో క్రమముగా జిగటపట్టి పొట్టుపొట్టుగా రాలిపోవును. సముద్రపుగాలి తగులు ఊళ్లవారు ఇది గుర్తుంచుకొని, సంచిని ఆరబెట్టి, గాలియాడు చోట వ్రేలాడదీయవలెను.

వానతొడుగు సంచికి వెలుపలనే కప్పును. వీపును ఆనుకొనియున్న వైపునుండి నీరు దిగుటను అది ఆపదు. కావున లోపల నొక మందపు ప్లాస్టికు సంచిని పఱచి అందులో బట్టలుంచుకొనుట ఎక్కువ భద్రము. సర్దుటలో సూత్రమొక్కటే: బరువైనవి వెన్నును ఆనుకొని నడిభాగమున, పడక అడుగున, వెంటవెంట కావలసినవి పైన. అదే బరువును వెలుపలివైపునకు సర్దినచో అది వెనుకకు లాగును. నడచువాడు దానికి ఎదురుగా ముందునకు వంగును. సాయంకాలమునకు నడుము పట్టివేయును.

ఇంతయు తెలిసిన పిదపను పరీక్షింపక కొనరాదు. అంగడిలో ఖాళీ సంచి ప్రతివానికిని అమరినట్లే తోచును. అందులో ఎనిమిది పది కిలోల బరువు పెట్టుమని యడిగి, పావుగంట నడచి, మెట్లెక్కి దిగి, వంగి పాదరక్ష ముడివేసికొని చూడవలెను. నొప్పి పెట్టు చోటు ఆ పావుగంటలోనే తన యునికిని చాటును.

నేను చెప్పినదో, తాత చెప్పినదో, పిల్లవాడు మఱునాడు ఆ సంచిని మార్చుకొనివచ్చెను. తాత పాత దర్జీ టేపుతో కొలువగా వెన్ను 46 సెంటీమీటర్లు తేలెను. నలుబదియైదు లీటర్ల సంచి చాలునని నిశ్చయమాయెను. నర్మదకు పోవుటకు ముందు దాని నొకసారి పరీక్షింపదలచి, సత్యాగ్రహులు పోయిన దారినే, డిండోలి మీదుగా, నవసారి మీదుగా, దండివఱకు సుమారు ఏబది కిలోమీటర్లు మూడు దినములలో నడచెను. తిరిగివచ్చిన సాయంకాలము సంచిని నట్టింట బోర్లించి, మూడు దినములలో ఒక్కసారియైనను చేతికి తీయని వస్తువులను ఒక ప్రక్కకు త్రోసెను: రెండవ తువాలు, రెండవ జత బూట్లు, మూతలగిన్నెలు, లావుపాటి పుస్తకము, అమ్మ బలవంతముగా పెట్టిన పచ్చడిసీసాలలో రెండు. మూడవ సీసాను మాత్రము మరల సంచిలో పెట్టుకొనెను. తాత నూలు తూచు కాటాను దింపించి తూపించెను. బయలుదేరునాడు పదునాలుగు కిలోలున్నది తొమ్మిదికి దిగెను.

"ఏడ నొప్పి పెట్టింది?" అని తాత యడిగెను.

పిల్లవాడు కొంతసేపు ఆలోచించి, "మొదటిదినం భుజాలు నొచ్చినయి. రెండోదినం పట్టీ కిందికి జరుపుకున్న. మూడోదినం సంచి ఉన్న సంగతే మరిచిన" అనెను.

తాత లేచి, మనుమని నడుముపట్టీని తన చేతులతో ఒక్కసారి లాగి చూచి, "నడుము కట్టినవ్ బిడ్డా, ఇగ నడువు" అనెను.